గీలా లోయలో షుగరు ఎందుకు పెరిగింది, కిడ్నీ జబ్బు ఎలా తగ్గింది

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరానికి దక్షిణాన, గీలా నది వెంబడి అకిమెల్ ఓదమ్ అనే ఆదివాసీ తెగ ఉంది. బయటి ప్రపంచానికి వీళ్లు పీమాలు. టైప్ 2 షుగరు జబ్బు ప్రపంచంలోనే అత్యధికంగా నమోదైన జనాల్లో వీళ్లు ఒకరు. 35 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు సగం మందికి ఆ జబ్బు ఉంది. "వాళ్ల జన్యువులే అంత" అనే ఒక్క మాటతో చాలామంది విషయాన్ని అక్కడికి ముగించేస్తారు. అయితే అదే దేశంలో ఆదివాసీ పెద్దవాళ్లలో షుగరు వల్ల వచ్చే కిడ్నీ వైఫల్యం 1996 నుంచి 2013 లోపు 54 శాతం తగ్గింది. లక్ష మందికి ఏటా 57.3 కొత్త కేసులు వచ్చేవి, 26.5కు దిగాయి. పదిహేడేళ్లలో ఎవరి జన్యువులూ మారవు. జబ్బు పెరగడానికైనా, దాని నష్టం తగ్గడానికైనా కారణం ఇంకోచోట వెతకాలి.

ముందు నీళ్లు పోయాయి

అకిమెల్ ఓదమ్‌లు తరతరాలుగా కాలువల కింద సేద్యం చేసినవాళ్లు. మొక్కజొన్న, గుమ్మడి, టెపరీ అనే చిన్న చిక్కుడు గింజ, తర్వాతి కాలంలో గోధుమ పండించారు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆ దారిన వెళ్లే సైనికులకూ ప్రయాణికులకూ గోధుమలు అమ్మేంత మిగులు వాళ్ల దగ్గర ఉండేది. 1870ల నుంచి ఎగువన స్థిరపడిన వలసదారులు నదిని మళ్లించుకుంటూ పోయారు. దిగువకు నీళ్లు రావడం ఆగింది. పొలాలు బీడుపడ్డాయి, ఏళ్ల తరబడి ఆకలి రాజ్యమేలింది. పొలం పని లేకుండా పోయిన చోటికి ప్రభుత్వం పంపిన తెల్ల పిండి, పంది కొవ్వు, పంచదార, డబ్బా ఆహారం వచ్చాయి. అంటే తిండీ, శ్రమా ఒకేసారి మారాయి.

ఈ మార్పు ఎప్పుడు జబ్బుగా బయటపడిందో కాస్త కచ్చితంగానే చెప్పవచ్చు. బోస్టన్ డయాబెటిస్ వైద్యుడు ఎలియట్ జోస్లిన్ ఆరిజోనాలో సర్వే చేసి, ఆదివాసుల్లో షుగరు మిగతా అమెరికన్ల కంటే ఎక్కువేమీ లేదని 1940లో రాశారు. 1963లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల బృందం కీళ్లవాతం సర్వే కోసం గీలాకు వచ్చి, రక్త పరీక్షల్లో షుగరు చూసి నిర్ఘాంతపోయింది. మధ్యలో గడిచింది ఒక్క తరం.

1965లో మొదలైన దీర్ఘకాల అధ్యయనం 2007 దాకా సాగింది. ఐదేళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ సుమారు రెండేళ్లకోసారి పిలిచి, గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీసేవారు. ఈ రోజు మనలో ఎవరికైనా గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 మిల్లీగ్రాములు దాటితే షుగరు అని డాక్టరు చెబుతున్నారంటే, ఆ గీతకు ఆధారమైన లెక్కల్లో పీమాలవి ముఖ్యమైనవి. ఆ గీత దాటినవాళ్లలోనే కంటి రెటీనా దెబ్బతినడం కనిపించింది. 1979, 1980లలో అమెరికా నిపుణుల బృందం, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ప్రమాణంగా తీసుకున్నాయి. ప్రపంచమంతా ఆ ప్రజలకు రుణపడి ఉంది. ఆ మాట చెప్పకుండా వాళ్లను కేవలం రోగుల జాబితాగా చూపడం అన్యాయం.

జన్యువుల వాదనకు గట్టి జవాబు సరిహద్దు అవతల ఉంది. మెక్సికోలోని సొనోరా కొండల్లో, మైకోబా చుట్టుపక్కల కూడా పీమాలే ఉన్నారు. ఇరువురి జన్యు వారసత్వం దాదాపు ఒకటే. 1995లో చేసిన సర్వేలో మెక్సికో పీమాల్లో షుగరు 6.9 శాతం, ఆరిజోనా పీమాల్లో 38 శాతం. మైకోబా వాళ్లు చేతులతో సేద్యం చేస్తూ, కొండలెక్కి దిగుతూ, చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టెలు తింటూ బతికేవాళ్లు. జన్యువుల పాత్ర లేదని దీని అర్థం కాదు. మైకోబాలోనే ఉన్న పీమాలు కానివాళ్లలో షుగరు 2.6 శాతమే. జన్యువులు ముప్పును సిద్ధం చేసి ఉంచాయి, తిండీ శ్రమా మారడం దాన్ని జబ్బుగా మార్చింది.

కడుపులోనే మొదలయ్యే వలయం

గీలా అధ్యయనం బయటపెట్టిన విషయాల్లో నివారణకు అన్నిటికన్నా పనికొచ్చేది తల్లుల గురించినది. గర్భంతో ఉన్నప్పుడు తల్లికి షుగరు ఉంటే, ఆ బిడ్డకు 20-24 ఏళ్లు వచ్చేసరికి షుగరు ఉండే అవకాశం 45 శాతం. తల్లికి షుగరు లేకపోతే ఆ అంకె 1.4 శాతం. ఇది వంశపారంపర్యమే కదా అనే అనుమానం సహజం. దాన్ని తేల్చడానికి ఒకే తల్లి బిడ్డలను పోల్చారు. తల్లికి జబ్బు రాకముందు పుట్టిన బిడ్డ కంటే, వచ్చాక పుట్టిన బిడ్డకు ముప్పు చాలా ఎక్కువని తేలింది. గర్భంలో బిడ్డకు చేరే అధిక గ్లూకోజే ఇక్కడ దోషి. ఆ బిడ్డ ఆడపిల్లైతే, ఆమె గర్భవతి అయ్యేనాటికి షుగరు వచ్చి ఉంటే, వలయం మళ్లీ తిరుగుతుంది.

ఈ వలయాన్ని తెంచడానికి చేయాల్సిన పనులు సాదాగానే ఉంటాయి. గర్భం తెలిసిన మొదటి సందర్శనలోనే రక్త పరీక్ష చేయాలి. అప్పుడు బాగుంటే 24-28 వారాల మధ్య మళ్లీ చేయాలి. షుగరు వచ్చినవాళ్లకు కాన్పయిన 4 నుంచి 12 వారాల్లో 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష, ఆ తర్వాత బాగున్నా ఒకటి నుంచి మూడేళ్లకోసారి పరీక్ష జరగాలి. బిడ్డకు తల్లిపాలు గట్టిగా ప్రోత్సహించాలి. మొదటి రెండు నెలలు తల్లిపాలు మాత్రమే తాగిన పీమా బిడ్డలకు పెద్దయ్యాక షుగరు తక్కువగా వచ్చింది. ఈ పరీక్షల వరస ఆగిపోయేది ఎక్కువగా కాన్పు తర్వాతే. బిడ్డకు టీకాల కోసం తల్లి వస్తుంది, ఆమెకు పరీక్ష చేయాలన్నది ఎవరి జాబితాలోనూ ఉండదు. టీకా రోజునే తల్లి పరీక్షనూ పెడితే ఈ లోపం చాలావరకు తీరుతుంది. అయితే ఆ పరీక్షకు ఆమె ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రావాలి, రెండు గంటలు కూర్చోవాలి. ముందురోజే కబురు అందాలి, అక్కడ బిడ్డను ఎత్తుకునే మనిషి ఉండాలి.

నివారణ తరగతులు: ఏవి నిలిచాయి, ఎక్కడ జారాయి

షుగరును రాకుండా ఆపవచ్చని రుజువు చేసిన అమెరికా పరీక్ష ఫలితాలు 2002లో వెలువడ్డాయి. 27 కేంద్రాల్లో 3,234 మంది పాల్గొన్నారు. నైరుతి ఆదివాసీ ప్రాంతాల కేంద్రాలూ అందులో ఉన్నాయి. షుగరు అంచున ఉన్నవాళ్లను మూడు గుంపులుగా విడదీశారు. బరువు 7 శాతం తగ్గి, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిచే గుంపులో కొత్తగా షుగరు రావడం 58 శాతం తగ్గింది. రోజుకు రెండుసార్లు 850 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు వేసుకున్న గుంపులో 31 శాతం తగ్గింది. ఇంకోలా చెప్పాలంటే, ఏడుగురు మూడేళ్లపాటు ఆ జీవనశైలి పాటిస్తే ఒకరికి షుగరు రాకుండా ఆగుతుంది.

పరిశోధనలో జరిగింది పల్లెలో జరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. ఆ జీవనశైలి గుంపుకు నేర్పిన 16 తరగతుల పాఠ్యాన్నే 36 ఆదివాసీ ఆరోగ్య కార్యక్రమాలు తమ ఊళ్లలో నడిపి చూశాయి. 2,553 మంది లెక్కలు అచ్చయ్యాయి. కొత్తగా షుగరు వచ్చినవాళ్లు ఏటా 4 శాతం. పాత పరీక్షలో మందు లేని ఉత్తుత్తి మాత్ర అందిన మూడో గుంపులో ఇది ఏటా 11 శాతం. తరగతులు ముగిసేసరికి సగటున 4.4 శాతం బరువు తగ్గారు, అంటే 80 కిలోల మనిషి మూడున్నర కిలోలు. ఇక్కడ పోల్చడానికి చికిత్స లేని గుంపు లేదు కాబట్టి ఈ అంకెను కాస్త జాగ్రత్తగా పట్టుకోవాలి. తరగతులకు క్రమం తప్పక వచ్చేవాళ్లు మొదటినుంచీ పట్టుదల ఉన్నవాళ్లే అయి ఉండవచ్చు.

మనం ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది హాజరు మీద. 16 తరగతులూ పూర్తిచేసినవాళ్లు 74 శాతం. ఏడాది చివరి పరీక్షకు 59, రెండో ఏటికి 42, మూడో ఏటికి 33 శాతమే మిగిలారు. జనం బద్ధకం అని తీర్పు చెప్పేముందు ఊరి పరిస్థితి చూడాలి. కేంద్రం నలభై మైళ్ల దూరంలో ఉండి, ఇంట్లో ఉన్న ఒక్క వాహనం పనికి వెళ్లిపోతే తరగతికి ఎవరు రాగలరు? షిఫ్టు పనివాళ్లకు మధ్యాహ్నం తరగతి పనికిరాదు. ఇంట్లో వంట చేసేది ఒకరు, తరగతికి వచ్చేది మరొకరు అయితే నేర్చుకున్నది పొయ్యి దాకా చేరదు. అందుకే నిలదొక్కుకునే కార్యక్రమాల్లో ఇంటిల్లిపాదినీ పిలుస్తారు, తరగతిలోనే వండి చూపిస్తారు, తప్పిపోయిన పాఠాన్ని ఇంటికి వెళ్లి చెబుతారు, బోధించేవాళ్లను ఆ తెగ నుంచే తీసుకుంటారు. తరగతులు అయిపోయాక నెలకోసారైనా కలవడం ఆపరు. ఆపితే బరువు తిరిగి వచ్చేస్తుంది.

కిడ్నీలను కాపాడింది ఏమిటి

నివారణ ఫలితం పదేళ్లకు గానీ కంటికి కనబడదు. ఈలోగా ఇప్పటికే షుగరు ఉన్నవాళ్లు డయాలసిస్ దాకా పోకుండా చూడాలి. అమెరికా ప్రభుత్వ ఆదివాసీ ఆరోగ్య సేవ సాధించిన పెద్ద విజయం ఇక్కడే ఉంది, అందులో ఖరీదైన యంత్రమేదీ లేదు.

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నని జల్లెడల మీద షుగరు, బీపీ కలిసి ఒత్తిడి పెంచుతాయి. ఒత్తిడికి జల్లెడ కన్నాలు సాగి, ఆల్బుమిన్ అనే ప్రోటీను మూత్రంలోకి జారుతుంది. తొలి హెచ్చరిక ఇదే. కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ మాత్రం కిడ్నీ శక్తి సగం పోయేదాకా మామూలుగానే కనిపించవచ్చు. "క్రియాటినిన్ బాగుంది, భయం లేదు" అని పంపేయడం చాలా చోట్ల జరిగే పొరపాటు. మామూలు మూత్రపు పట్టీ కూడా ఈ తొలి దశను పట్టుకోలేదు. మూత్రంలో ఆల్బుమిన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి కొలవాలి. అది గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్తపడాలి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు విపరీతమైన శ్రమ కూడా దాన్ని పెంచుతాయి కనుక మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చూసి, రెండుసార్లు ఎక్కువ ఉంటేనే నిర్ధారించాలి.

ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మందులు, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటివి ఆ జల్లెడ మీది ఒత్తిడిని నేరుగా దించుతాయి. షుగరు ఉన్న ఆదివాసుల్లో వీటిని వాడేవాళ్లు 1997 నుంచి 2002లోపు 42 శాతం నుంచి 74 శాతానికి పెరిగారు. అవన్నీ పాత, చవక మందులు. కష్టమల్లా వాటిని ఆపకుండా వాడించడంలోనే. మందు మొదలుపెట్టిన వారం, రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరగడం ఆ మందు పనిచేసే తీరులో భాగమే. అంకె పెరిగిందని కంగారుపడి ఆపేయడం వల్ల చాలామంది రక్షణ కోల్పోతారు. పొడిదగ్గు వస్తే రెండో రకం మందుకు మారవచ్చు. చిన్న మోతాదుతో మొదలుపెట్టినవాళ్లు అక్కడే ఆగిపోకూడదు, రోగి తట్టుకోగలిగినంత వరకూ పెంచాలి. వాంతులు, విరేచనాలు అవుతున్న రోజుల్లో తాత్కాలికంగా ఆపమని డాక్టరు ముందే చెప్పి ఉంచాలి. గర్భం దాల్చే అవకాశం ఉన్నవాళ్లతో ఆ సంగతి మాట్లాడకుండా రాయకూడదు, ఎందుకంటే ఈ మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. ఒంటినొప్పులకు షాపులో కొని మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇదే కిడ్నీ మీద దెబ్బ కొడతాయి.

మందు ఒక్కటే అయితే మిగతా అమెరికాలోనూ ఇదే స్థాయి ఫలితం కనిపించాలి. ఆదివాసీ ఆరోగ్య సేవలో వేరుగా ఉన్నది ఏర్పాటు. ప్రతి క్లినిక్‌లో షుగరు ఉన్న ప్రతి మనిషి పేరుతో రిజిస్టరు ఉంటుంది. బీపీ ఎంత, మూడు నెలల సగటు షుగరు ఎంత, పాదాన్ని ఎప్పుడు పరీక్షించారు, కంటి ఫొటో ఎప్పుడు తీశారు, మూత్ర పరీక్ష అయిందా, పళ్లు చూశారా, పొగ తాగుతారా అన్నవి అందులో ఉంటాయి. 1986 నుంచి ఏటా ఈ లెక్కలను ఒకే పద్ధతిలో ఆడిట్ చేస్తున్నారు. ఎవరినో శిక్షించడం దాని ఉద్దేశం కాదు. పోయినేడాది పాద పరీక్ష నూటికి ఎంతమందికి జరిగింది, ఈ ఏడాది ఎంతమందికి జరిగింది అని తమతో తాము పోల్చుకోవడానికి. సగటు షుగరు సూచిక 1996లో 9 శాతం, 2014 నాటికి 8.1. చిన్న మార్పులా కనిపించే ఆ తేడా వేలమందిలో, ఏళ్ల తరబడి నిలిస్తే కళ్లూ కిడ్నీలూ మిగులుతాయి.

రిజిస్టరులో ఖాళీలు కనిపిస్తే సరిపోదు, ఆ ఇంటి తలుపు తట్టే మనిషి ఉండాలి. 1968 నుంచి తెగల సొంత మనుషులనే ఆరోగ్య ప్రతినిధులుగా తీసుకున్నారు. పరీక్ష తప్పినవాళ్ల జాబితా వాళ్లకు అందుతుంది. వాళ్లు ఆ భాష మాట్లాడతారు, ఎవరింట్లో ఎవరు చనిపోయారో, ఎవరికి కారు లేదో తెలుసు. కంటి పరీక్షకు నిపుణుడు రాలేని చోట కెమెరాతో ఫొటో తీసి దూరంలో ఉన్న కేంద్రానికి పంపుతారు. పాదం పరీక్షకు పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు చాలు. దాని స్పర్శ తెలియని పాదానికి గాయమైనా నొప్పి తెలియదు. ఆ మనిషికి సరైన చెప్పులు ఇచ్చి, రోజూ పాదాలు చూసుకోమని చెప్పడం, తర్వాత కాలు తీయడం కంటే ఎన్నో రెట్లు తేలిక.

డబ్బు, నమ్మకం, తిండి

ఇంత పని ఊరికే జరగలేదు. అమెరికా కాంగ్రెస్ 1997లో ఆదివాసుల షుగరు కోసం ప్రత్యేక నిధి పెట్టింది. ఏడాదికి 3 కోట్ల డాలర్లతో మొదలై, 2004 నుంచి 15 కోట్లకు చేరింది. ఆ డబ్బుతో ఏం చేయాలో తెగలే చాలావరకు నిర్ణయించుకున్నాయి. లోపం కూడా ఇక్కడే ఉంది. దాదాపు ఇరవై ఏళ్లు ఆ మొత్తం పెరగలేదు, ధరలు మాత్రం పెరిగాయి. పైగా ఒక్కోసారి ఏడాదికి, ఒక్కోసారి కొన్ని నెలలకే పొడిగిస్తారు. వచ్చే ఏడాది జీతం ఉంటుందో లేదో తెలియని పోషకాహార నిపుణురాలు వేరే ఉద్యోగం చూసుకుంటుంది. ఆమెతోపాటు ఊరివాళ్లతో ఏర్పడిన పరిచయమూ పోతుంది.

నమ్మకం విషయంలో హవాసుపాయి తెగకు జరిగింది ఎవరూ మరవకూడదు. గ్రాండ్ కాన్యన్ అడుగున ఉండే ఆ తెగ, షుగరు పరిశోధన కోసమని 1990 నుంచి ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్తం ఇచ్చింది. ఆ రక్తాన్ని మానసిక వ్యాధుల మీద, తెగ వలసల మూలాల మీద అధ్యయనాలకూ వాడారు. తెగ కోర్టుకు వెళ్లింది. 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, రక్త నమూనాలు తిరిగి ఇచ్చింది. కెనడాలో మాంట్రియల్ పక్కనున్న కానవాకే మోహాక్ సమాజం 1994లో బడి పిల్లల కోసం షుగరు నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు పరిశోధన నియమావళిని తానే రాసుకుంది. సమాచారం ఎవరిది, ఫలితాలు ముందు ఎవరు చూడాలి అన్నవి అందులో ఉన్నాయి.

తిండి మీద విధానపరంగా జరిగిన ప్రయత్నాల్లో నవాహో నేషన్ అనే అమెరికా ఆదివాసీ తెగది గమనించదగ్గది. 2014లో తాజా కూరగాయలు, పండ్ల మీద ఉన్న పన్ను తీసేసి, శీతల పానీయాలు, చిరుతిండి మీద అదనంగా 2 శాతం వేశారు. వచ్చిన డబ్బు ఊళ్లకే తిరిగి వెళ్లింది, నడక దారులకూ తోటలకూ వాడారు. దుకాణమే దూరమైన చోట 2 శాతం పన్ను తినే అలవాటును పెద్దగా మార్చకపోవచ్చు, కానీ ఊరి చేతిలో సొంత డబ్బు పడింది. గీలా ప్రజలకు 2004 చట్టం ఏటా 6,53,500 ఎకరా-అడుగుల నీటి హక్కును ఇచ్చింది. మన లెక్కలో 28 టీఎంసీలకు పైనే. టెపరీ గింజలు మళ్లీ ఆ పొలాల్లో పండుతున్నాయి. వాటి పిండిపదార్థం నెమ్మదిగా అరిగి, రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుంది.

మన ఏజెన్సీలో జాగ్రత్తపడాల్సిన చోటు

పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు ప్రాంతాల్లో చోళ్లు, సామలు, కొర్రలు తిన్న ఇళ్లలోకి రేషన్ బియ్యం వచ్చి చాలా ఏళ్లయింది. మన దేశంలో 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ షుగరు, బీపీ పరీక్ష జరగాలని నియమం. ఆశా కార్యకర్త ఫారం నింపడం, ఏఎన్ఎం వేలి చుక్కతో చూడడం దాకా పని నడుస్తుంది. నిర్ధారణ దగ్గర మాత్రం ఆదివాసీ ప్రాంతాలకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుందనే లెక్క మీద నడుస్తుంది. ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో కణాలు చాలా ముందే నశిస్తాయి, గ్లూకోజు పట్టడానికి సమయం ఉండదు. షుగరు ఎక్కువున్నా అంకె తక్కువ చూపుతుంది. ఎర్ర కణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపంలోనూ, మలేరియాతో కణాలు పగిలిపోతున్నప్పుడూ ఇంతే. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే దీనికి భిన్నంగా, లేని షుగరును చూపవచ్చు. ఇవన్నీ ఏజెన్సీలో కనిపించేవే. కాబట్టి ఇలాంటి చోట పరగడుపు పరీక్ష, 75 గ్రాముల గ్లూకోజును 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఐదు నిమిషాల్లో తాగించి రెండు గంటల తర్వాత చేసే పరీక్ష నమ్మదగ్గవి. పరగడుపున 126, రెండు గంటలకు 200 లేదా అంతకు మించితే షుగరు. లక్షణాలేవీ లేకపోతే ఒక్క అంకెతో తేల్చేయకుండా ఇంకోసారి చూడాలి.

అక్కడా ఒక మెలిక ఉంది. సిరలోంచి తీసిన రక్తాన్ని మామూలు గొట్టంలో వదిలేస్తే, కణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజును తినేస్తాయి. కొండ మీది ఊరి నుంచి ల్యాబుకు నాలుగు గంటలు పడితే 140 ఉన్నది 110 దగ్గర కనిపించి, షుగరు లేదని కాగితం వస్తుంది. ఫ్లోరైడ్ ఉన్న బూడిద రంగు మూత గొట్టం వాడినా మొదటి గంట, రెండు గంటల తరుగు పూర్తిగా ఆగదు. ఐసులో పెట్టి పంపాలి, లేదా దగ్గర్లోని పీహెచ్‌సీలోనే వెంటనే ప్లాస్మా వేరు చేయాలి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం కింద ఊరూరా రక్తపరీక్షలు జరుగుతున్నాయి. ఆ ఫలితాన్ని మనిషి షుగరు కార్డు మీద కూడా రాసి పెడితే, తర్వాత చూసే డాక్టరుకు ఏ పరీక్ష రాయాలో, ఏ అంకెను నమ్మాలో కార్డు తెరిచిన వెంటనే తెలుస్తుంది.